నల్లబడిన డిస్కూ, మూడు లక్షల సూదీ

ఎమ్మారై ఫిల్మ్ ఇంటికి తెచ్చినాక ఎవరైనా ఏం చేస్తారు, ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పట్టుకొని చూస్తారు, అర్థమయ్యేది ఏమీ ఉండదు అయినా చూస్తారు. నేనూ అదే చేసినా. మా నాయన వెనక నుంచి వచ్చి కండ్లజోడు సర్దుకొని "పైనవన్నీ తెల్లగుండాయి, కింద ఒకటి మాత్రం నల్లగుండాదేమిరా" అన్నాడు. ఇరవయ్యారేండ్లు నాపబండలు చూసిన మనిషి, బండలో యాడ చార ఉన్నా, యాడ రంగు తేడా ఉన్నా కన్ను నేరుగా అక్కడికే పోతాది. రెండు పేజీల రిపోర్టులో ఇంగ్లీషులో రాసింది కూడా అదే, ఎల్4-ఎల్5 డిస్కు, అంటే నడుములో నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య ఉండే మెత్త, డీజనరేట్ అయింది, ఎండిపోయింది, కొంచెం వెనక్కి ఉబ్బింది.

ఇదంతా ఒక పాల ప్యాకెట్‌తో మొదలైంది. నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక పాలిష్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తా, పొద్దన కడప నుంచి బైక్ మీద పోతా మాపటికి వస్తా, మధ్యలో తొమ్మిది గంటలు కుర్చీనే. మోసింది లేదు, లేపింది లేదు. ఒకరోజు పొద్దన గడప కాడ వంగి పాల ప్యాకెట్ తీస్తాంటే నడుములో టక్కుమనింది, అంతే, అట్లనే వంగినోన్ని వంగినట్టే ఉండిపోయినా. పైకి లేస్తే కరెంటు కొట్టినట్టు కుడి కాల్లోకి పోతాంది. ఎదురింటామె ముగ్గు వేస్తా వేస్తా చూసి, నేనేదో వెతుకుతాండాననుకొని "ఏం పారేసుకున్నావప్పా" అని అడిగింది. పాల ప్యాకెట్ చేతిలోనే ఉంది, కారుతాంది.

మా నాయన సంగతి చెప్పాలి ఇక్కడ. ఆయన ఇదే ఎర్రగుంట్ల పక్కన లారీలకి బండలు లోడింగ్ చేసినాడు, రెండంగుళాల మందం బండని ఇద్దరు ఎత్తి నిలబెట్టే పని, ఎండలో. ఇప్పుడు అరవై ఎనిమిదేండ్లు, ఇప్పటికీ గ్యాస్ సిలిండర్ ఒక్కడే లోపలికి తెస్తాడు. నడుము నొప్పి అంటే ఏందో తెలీదు. కుర్చీలో కూచునే కొడుక్కి డిస్కు నల్లబడటమేందని ఆయనకి పెద్ద అనుమానం, మొదట్లో నాకూ అదే అనుమానం. తర్వాత చదివితే తెలిసింది, ఫిన్లాండ్‌లో కవలల మీద ఏండ్ల తరబడి ఒక స్టడీ చేసినారు, కవలల్లో ఒకరు బరువు పని చేసినోరు ఒకరు కూర్చున్న పని చేసినోరు, ఇద్దరి వెన్నులూ ఎమ్మారై తీసి పోల్చినారు. బరువు మోయడం వల్ల వచ్చే తేడా అందరూ అనుకున్నదాని కంటే చాలా తక్కువంట, పుట్టుకతో వచ్చిన జన్యువుల పాత్రే ఎక్కువంట. ఇది చెప్తే నాయన "అయితే మీ అమ్మ వైపు నుంచి వచ్చింటాది" అన్నాడు. అమ్మ ఆపూట కాఫీ ఇయ్యలేదు ఆయనకి.

డిస్కు అంటే ఏందో మా ఫ్యాక్టరీ భాషలో చెప్తా. లారీలో బండలు పండబెట్టరు, నిలబెట్టి వాలుస్తారు, బండకీ బండకీ మధ్య గడ్డి కుక్కుతారు, లేకుంటే గుంతలో చక్రం పడిన ప్రతిసారీ ఒక బండ పగుల్తాది. వెన్నుపూసల మధ్య డిస్కులు చేసే పని ఇంచుమించు అదే, మనిషికి 23 ఉంటాయి. కాకపోతే ఇది గడ్డి కంటే తెలివైన సరుకు. చుట్టూ గట్టి పీచు రింగు, నడుమ జెల్లీ. ఆ జెల్లీ వయసులో ఉన్నప్పుడు ముప్పాతిక పైనే నీళ్ళు, అగ్రికాన్ అనే పెద్ద అణువు ఆ నీళ్ళని పట్టుకొని ఉంటాది. నీళ్ళున్న డిస్కు ఎమ్మారైలో తెల్లగా మెరుస్తాది, నీళ్ళు పోయింది నల్లగా కనిపిస్తాది. మా నాయన చూసింది నీళ్ళ తేడానే.

మరి ఆ నీళ్ళు ఎందుకు పోతాయంటే, డిస్కు లోపలికి రక్తనాళం పోదు. శరీరంలో రక్తం అందని భాగాల్లో ఇదే పెద్దది. నడుమనున్న కణానికి దగ్గర్లో ఉండే రక్తం కూడా ఏడెనిమిది మిల్లీమీటర్ల దూరంలో ఉంటాది, పైనా కిందా ఉండే పూసల అంచు గుండా ఊటలాగా ఊరి వచ్చిందే తిండి. ఎండాకాలం పెన్నలో చెలమ తీసినోళ్ళకి ఇది చెప్పే పని లేదు, ఇసకలో చెయ్యి పెట్టి తోడి, గిన్నెడు నీళ్ళు ఊరేదాకా కూచోవాల. ఆ అంచు వయసుతో గట్టిపడితే ఊట తగ్గిపోతాది, లోపల ఆక్సిజన్ తక్కువ, గ్లూకోజ్ తక్కువ, పులుపు, అంటే యాసిడ్ గుణం, ఎక్కువ. కణాలు ఒక్కొక్కటీ చస్తాయి, అగ్రికాన్ చేసేవాళ్ళు లేక నీళ్ళు పోతాయి.

ఇది గుర్తు పెట్టుకోండి, ముందుకు పోయినాక దీంతోనే పని.

నొప్పి మొదలైన మూడో వారం మా బామ్మర్ది వాట్సాప్‌లో ఒక వీడియో పంపినాడు. బావా ఇది చూడు, ఆపరేషన్ లేకుండా స్టెమ్ సెల్స్‌తో డిస్కు మళ్ళీ పుట్టిస్తారంట అని. స్టెమ్ సెల్స్ అంటే వేరే రకం కణాలుగా మారగలిగే మూలకణాలు. వీడియోలో నీలం రంగు చుక్కలు సూది గుండా డిస్కులోకి పోతాయి, పోయిన వెంటనే నల్ల డిస్కు ఉబ్బి తెల్లగైపోతాది, వెనకాల వీణ మ్యూజిక్. నిజం చెప్తాండా, రాత్రి రెండు గంటలకి కాలు గుంజుతాంటే పండుకోలేక గోడకి ఆనుకొని ఆ వీడియో పదకొండు సార్లు చూసినా. ఆ టైంలో మనిషికి బుద్ధి పనిచెయ్యదు.

పొద్దన ఫోన్ చేస్తే ఒకమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, పెద్ద ఊరు, పెద్ద బిల్డింగు, పేరు చెప్పను. రిపోర్టు ఫొటో పంపమనింది, పంపిన పావుగంటకే "సార్ మీరు పర్ఫెక్ట్ క్యాండిడేట్" అనింది. డాక్టరు నన్ను చూడలేదు, నా కాలు ఎత్తి చూడలేదు, ఎమ్మారై ఫిల్మ్ మొత్తం కూడా చూడలేదు. తుంటి ఎముకలోంచి మూలుగ తీస్తారంట, మిషన్‌లో తిప్పుతారంట, అందులోంచి స్టెమ్ సెల్స్ తీసి అదేరోజు డిస్కులోకి ఎక్కిస్తారంట, మాపటికి ఇంటికి పోవచ్చంట. రెండు లక్షల ఎనభై వేలు, రూము ఖర్చుతో మూడు, ఈఎంఐ కూడా ఉందంట. పర్మిషన్ ఉందా అని అడిగితే "గవర్నమెంట్ అప్రూవ్డ్ సార్, స్టెమ్ సెల్స్‌కి మన ఇండియాలో అప్రూవల్ వచ్చేసింది" అనింది.

ఇంట్లో చెప్పినా. నాయన ఏమీ మాట్లాడలేదు. మరుసటి రోజు బీరువాలోంచి చెన్నూరు కాడ మూడు సెంట్ల స్థలం కాగితాలు తీసి టేబుల్ మీద పెట్టినాడు. అంతే, ఒక్క మాట లేదు. ఆ స్థలం ఆయన బండల కూలిలోంచి చిట్టీ కట్టి కొన్నది.

ఆ కాగితాలు చూసినాక నాకు కొంచెం తెలివొచ్చింది అనుకుంటా. డబ్బు కట్టే ముందు కడపలోనే ఒక ఎముకల డాక్టర్ దగ్గరికి పోయినా, పెద్దాయన, మాట తక్కువ. మంచం మీద పండబెట్టి కాలు ఎత్తినాడు, బొటనవేలు పైకి లేపమన్నాడు, మడమల మీద నడవమన్నాడు, మూత్రం కంట్రోల్ తప్పిందా, కూచునే చోట తిమ్మిరి ఉందా అని అడిగినాడు. అవి ఉంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా ఆపరేషన్ ఉన్న ఆస్పత్రికి ఉరకాల అని రెండుసార్లు చెప్పినాడు. నాకు అవేమీ లేవు. అప్పుడు నేను నెమ్మదిగా స్టెమ్ సెల్ సంగతి తీసినా. ఆయన ఫిల్మ్ కింద పెట్టి "ట్రయలా అమ్మకమా" అన్నాడు. అర్థం కాలేదు. "ట్రయల్ అయితే నీ దగ్గర పైసా తీసుకోరు, నీకేమన్నా అయితే వాళ్ళే పరిహారం కట్టాల. డబ్బులడిగినారంటే అది అమ్మకం. పోయి సీటీఆర్ఐ నంబర్ అడుగు" అన్నాడు. సీటీఆర్ఐ అంటే మన దేశంలో మనుషుల మీద చేసే క్లినికల్ ట్రయల్స్ అన్నీ నమోదయ్యే రిజిస్ట్రీ, 2009 నుంచి తప్పనిసరి, ఎవరైనా ఆన్‌లైన్లో చూసుకోవచ్చు.

ఇంక ఆ వారమంతా బోర్లా పండుకొని ఫోన్లో చదవడమే పని. చదివింది మొత్తం పెడితే మీరు నిద్రపోతారు కాబట్టి నన్ను ఆపినవి మాత్రం రాస్తా.

ముందు ఆ పేరు సంగతి. ఈ కణాలకి మీసెంకైమల్ స్టెమ్ సెల్స్ అని 1991లో పేరు పెట్టింది ఆర్నాల్డ్ కాప్లాన్ అనే అమెరికా సైంటిస్టు. అదే ఆయన 2017లో, అయ్యా ఈ పేరు మార్చండి, ఇవి లోపలికి పోయి కొత్త భాగాలుగా మారిపోయేవి కావు, చుట్టుపక్కల కణాలకి సిగ్నల్స్ పంపించి వాపు తగ్గించే పనే ఎక్కువ, స్టెమ్ సెల్ అని పిలిచి జనాన్ని మోసం చేసే క్లినిక్కులు ఎక్కువైనాయి అని రాసినాడు. పేరు పెట్టినోడే పేరు తియ్యమన్నాడు. వీడియోలో డిస్కు ఉబ్బేది యానిమేషన్ చేసినోడి పుణ్యం.

రెండోది, నాకు బాగా కోపం తెప్పించింది, అదేరోజు తీసి అదేరోజు ఎక్కించే మూలుగలో నిజంగా ఆ కణాలు ఎన్ని ఉంటాయంటే పదివేల కణాల్లో ఒకటి, కొన్నిసార్లు లక్షలో ఒకటి. పెద్ద ట్రయల్స్‌లో వాడేది అది కానే కాదు, ల్యాబ్‌లో వారాల తరబడి పెంచి లెక్కబెట్టి ఒక సూదిలో 60 లక్షలో రెండు కోట్లో ఎక్కిస్తారు. రెండిటికీ బోర్డు మీద పేరు ఒకటే, స్టెమ్ సెల్ థెరపీ. నాపబండకీ గ్రానైట్‌కీ రెండిటికీ 'రాయి' అని బిల్లు రాసినట్టు. అకౌంట్స్ చూసేవాణ్ణి, ఇట్లాంటి బిల్లు నా టేబుల్ మీదికి వస్తే వెనక్కి పంపుతా.

సరే, ల్యాబ్‌లో పెంచిన అసలు సరుకు సంగతేంది? ఆశ పుట్టించేవి ఉండాయి. స్పెయిన్లో 2017లో 24 మంది మీద చేసిన ట్రయల్‌లో సగం మందికి, అంటే పన్నెండు మందికి, వేరేవాళ్ళ మూలుగ కణాలు రెండున్నర కోట్లు ఎక్కిస్తే, ఎక్కించుకున్నోళ్ళలో నూటికి నలభై మందికి బాగా పనిచేసింది. ఆ నలభై శాతానికే ఎందుకు, మిగతా వాళ్ళకి ఎందుకు కాదు అంటే పన్నెండు మందిని చూసి ఏం చెప్తారు ఎవరైనా. అందుకని పెద్దవి చేసినారు. మెసోబ్లాస్ట్ అనే ఆస్ట్రేలియా కంపెనీ 404 మంది మీద ఫేజ్ 3, అంటే అనుమతి అడిగే ముందు చేసే పెద్ద ట్రయల్, చేసింది, కొందరికి కణాలు, కొందరికి కణాలతో పాటు హయలురోనిక్ యాసిడ్ అనే జెల్ లాంటి పదార్థం, కొందరికి ఊరికే సెలైన్, ఎవరికేం ఎక్కించినారో వాళ్ళకే తెలీదు. 2021లో ఫలితం వచ్చింది, నొప్పీ పనితనమూ కలిపి ముందే పెట్టుకున్న గురి తగల్లేదు. నొప్పి ఒక్కటే తీసి చూస్తే, అది మొదలై మరీ ఎక్కువ కాలం కానోళ్ళలో సెలైన్ కంటే కొంత మేలు కనిపించింది. అందుకే 2024లో నొప్పి మీదే గురిపెట్టి 300 మందితో ఇంకో ట్రయల్ మొదలుపెట్టినారు. ఇది నాకు నచ్చింది, తప్పినాక తప్పింది అని చెప్పి మళ్ళీ కొలవడానికి పోయినారు.

ఇంకొకటి యూరప్‌ది, రెస్పైన్ అని, 114 మంది. రెండు కోట్ల కణాలు ఒక గుంపుకి, ఉత్తుత్తి సూది ఇంకో గుంపుకి. ఏడాది తర్వాత చూస్తే కణాలు పడినోళ్ళలోనూ నూటికి డెబ్బై చిల్లర మందికి నయమే, ఉత్తుత్తి సూది పడినోళ్ళలోనూ దాదాపు అంతే. తేడా లేదు.

ఉత్తుత్తి సూదికి నూటికి డెబ్బై మంది బాగుపడటం ఏందని మా ఆమె అడిగింది. మా పక్క వానలు పడకపోతే కప్పలకి పెళ్ళి చేసి ఊరేగిస్తారు కదా. ఎప్పుడు చేస్తారు, ఇంక లాభం లేదు అనుకున్నప్పుడు, అంటే ఎండ పీక్‌కి పోయినాక. పీక్ తర్వాత వాన రావడం మామూలే, క్రెడిట్ మాత్రం కప్పలకి. నడుము నొప్పి కూడా అంతే, మనిషి డబ్బు కట్టేది అది పీక్‌లో ఉన్నప్పుడే, ఆ తర్వాత దిగడం దాని గుణం. క్లినిక్ వాళ్ళ దగ్గర ఉండే వీడియోలన్నీ వాన పడినాక తీసినవే.

ఇప్పుడు ఆ పెన్న చెలమ దగ్గరికి రండి. ఎందుకు పనిచెయ్యట్లేదు అనేదానికి సైంటిస్టులు చెప్పే కారణాల్లో నాకు వెంటనే తలకెక్కింది ఇదే, ఊట లేకనే కదా ఉన్న కణాలు చచ్చింది, అదే చోటికి కోట్ల కొత్త కణాలు పంపిస్తే అవేం తిని బతకాల? శెనక్కాయ విత్తనం ఎంత మంచిదైనా పదును లేని నేలలో వేస్తే ఏమైతాదో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మా తాత మూడుసార్లు విత్తి మూడుసార్లు పోగొట్టుకున్న ఏడాది కథ ఇంట్లో అందరికీ బట్టీ వచ్చు. అందుకే ఇప్పుడు కొందరు మూలుగ కణాలు కాకుండా డిస్కులోంచే తీసి పెంచిన కణాలు వాడి చూస్తాండారు, అవి కరువు సీమలో పుట్టినవి కాబట్టి తట్టుకుంటాయేమో అని. కొందరు కణాలకి తోడుగా జెల్ ఎక్కిస్తాండారు. పని జరుగుతాంది, కాదనను. ఏదో ఒకరోజు కుదురుతాది కూడా.

సూది పొడవడం ఊరికే పోయేది కూడా కాదు. డిస్కుకి పెట్టిన చిన్న చిల్లు కూడా దాన్ని ఇంకా తొందరగా అరగదీస్తాదని, ఉత్త పరీక్ష కోసం సూది గుచ్చిన వాళ్ళని పదేండ్లు గమనించి 2009లో రాసినారు. కుందేళ్ళ మీద చేసిన ఒక ప్రయోగంలో ఎక్కించిన కణాలు డిస్కులోంచి కారి బయటికొచ్చి పక్కన ఎముక ముళ్ళు మొలిపించినాయి. ఇన్ఫెక్షన్ వస్తే ఇంక చెప్పే పనే లేదు, రక్తం పోని చోట మందు కూడా సరిగా పోదు.

ఇంక ఆ గవర్నమెంట్ అప్రూవ్డ్ మాట. అబద్ధం కాదు, అదే దాంట్లో తమాషా. బెంగళూరు స్టెంప్యూటిక్స్ కంపెనీ తయారుచేసిన స్టెమ్ సెల్ మందుకి 2022లో మన డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి ఇచ్చింది నిజమే, కానీ అది మోకాళ్ళ అరుగుదలకి. నడుము డిస్కుకి కాదు. అమెరికాలో కూడా డిస్కుకి ఏ స్టెమ్ సెల్ మందుకీ అక్కడ మందులకి పర్మిషన్ ఇచ్చే ఎఫ్‌డీఏ అనుమతి లేదు. మన దేశంలో వైద్య పరిశోధన చూసే ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్‌లో అయితే చాలా గట్టిగా రాసినారు, రక్తం జబ్బులకి చేసే మూలుగ మార్పిడి లాంటివి తప్ప, అనుమతి ఉన్న ట్రయల్ బయట ఎవరికైనా స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే అది మాల్‌ప్రాక్టీసు కిందే లెక్క అని. పక్కింటోడి లైసెన్సు చూపించి మన బండి నడిపినట్టు ఉంది ఆ అమ్మాయి చెప్పింది.

మళ్ళీ ఫోన్ చేసినా. ఈసారి సీటీఆర్ఐ నంబర్ చెప్పమ్మా అన్నా. "ఏ నంబర్ సార్?" అనింది. స్పెల్లింగు చెప్పినా. హోల్డ్‌లో పెట్టింది, మళ్ళీ వీణ మ్యూజిక్, నాలుగు నిమిషాలు. వచ్చి "సార్ అది రీసెర్చ్ చేసేవాళ్ళకి సార్, మాది ఆల్రెడీ ప్రూవ్ అయిపోయింది" అనింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, జీతానికి చేస్తాంది. నాయనకి స్పీకర్లో వినిపించినా. ఆయన గమ్మున లేచి టేబుల్ మీది కాగితాలు తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేసినాడు.

ఇప్పుడు ఎట్లుండాది అంటే, ఏడు నెలలైంది. కాలు గుంజుడు రెండు నెలలకే సగం తగ్గింది, ఉబ్బిన డిస్కు చాలామందిలో దానంతట అదే వెనక్కి పోతాదని డాక్టర్ ముందే చెప్పినాడు. ఫిజియో దగ్గర బోర్లా పండుకొని మోచేతుల మీద ఛాతీ లేపేది నేర్చుకున్నా, మొదటి వారం ఆ ఫిజియోని మనసులో తిట్టని తిట్టు లేదు. బైక్ మానేసి బస్సు, ఆఫీసులో గంటకోసారి లేచి గోడౌన్ దాకా పోయొస్తా, ఓనరు నేను స్టాకు చెక్ చేస్తాండానని సంతోషంగా ఉండాడు. డిస్కు ఇంకా నల్లగనే ఉంటాది, మళ్ళీ ఎమ్మారై తీపించలేదు, తీపియ్యను. 2015లో మూడు వేల మందికి పైగా, నొప్పి అనేదే లేనోళ్ళ స్కాన్లు కలిపి లెక్కేస్తే నలభై ఏండ్ల వయసులో నూటికి 68 మందికి, ఎనభైకి వచ్చేసరికి 96 మందికి డిస్కు అరుగుదల కనిపించిందంట. అంటే మా నాయనకి తీసినా ఒకటో రెండో నల్లవి కనిపిస్తాయి. ఆయన్ని అడిగినా, తీపిద్దామా నాయనా అని. "బాగుండే బండని సుత్తితో కొట్టి చూస్తారేమిరా" అన్నాడు.

నొప్పి పూర్తిగా పోలేదు, అది కూడా రాయాల. చలికి పొద్దన లేవంగానే పది నిమిషాలు చెక్కలాగుంటా, తుమ్ము వస్తే గోడ పట్టుకుంటా. ఆ 300 మంది ట్రయల్ ఫలితం వచ్చినప్పుడు మళ్ళీ రాస్తా, మంచిగా వస్తే మొదట సంతోషపడేది నేనే. ఇప్పుడు ఇంక టైం లేదు, ఆరున్నరైంది, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్లో నాలుగు రౌండ్లు కొట్టాల, నాయన చెప్పులేసుకొని గేటు కాడ నిలబడి గొళ్ళెం టకటకా కొడతాండాడు.